‘లాగ్’ అని ఉంది కదా అని తీసేస్తే ఎలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఆరు నెలలుగా డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) కోర్సు చేస్తున్నాను. మొన్న ఇంటర్వ్యూలో ‘పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండింది, పీజీ_వాల్ ఫోల్డరే సగం మింగేసింది, ఏం చేస్తావ్?’ అని అడిగారు. పాత లాగ్ ఫైళ్లు డిలీట్ చేస్తానన్నాను. థాంక్యూ అని పంపేశారు. ఈ లైన్ నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఓ విద్యార్థి, విజయనగరం

జవాబు: లైన్ మార్చుకోవాల్సినంత తప్పేం కాదు. ఒకప్పుడు ఆ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ ఉంది కదా అని ఖాళీ చేసి, డేటాబేస్‌నే పాడుచేసుకున్నవాళ్లు ఉండబట్టే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో పేరు మార్చారు.

పాతకాలపు కిరాణా కొట్లో చిట్టా, ఆవర్జా ఉండేవి. ఏ బేరమైనా ముందు చిట్టాకెక్కాలి, తీరిగ్గా ఆవర్జాలోకి వెళ్తుంది. పీజీ_వాల్‌లో ఉండే ట్రాన్సాక్షన్ లాగ్ (వాల్) ఆ చిట్టానే. సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతే, ఆవర్జాకెక్కనివన్నీ చిట్టా చూసే ఎక్కించుకుంటుంది. మీరు చించేస్తానన్నది దాన్ని!

వాళ్లు వినాలనుకున్న జవాబు: ‘ఫైళ్లు ఎందుకు పేరుకున్నాయో ముందు చూస్తాను.’ ఆర్కైవ్ కమాండ్ (లాగ్ ఫైళ్లను వేరేచోట భద్రపరిచేది) ఫెయిలవుతోందా, వాడని రెప్లికా (నకలు సర్వర్) తాలూకు స్లాట్, అంటే అది చదివేదాకా ఫైళ్లు ఉంచమనే గుర్తు, మిగిలిపోయిందా? ఆ కారణం తీసేస్తే తర్వాతి చెక్‌పాయింట్ల (చిట్టాలోవి ఆవర్జాకెక్కడం పూర్తయ్యే ఘట్టాల) దగ్గర పోస్ట్‌గ్రెస్సే సర్దుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎల్‌డీఎఫ్ (లాగ్) ఫైల్ ఉబ్బినా ఇదే తీరు: ఫుల్ రికవరీలో (లాగ్ బ్యాకప్ అయ్యేదాకా పాత లాగ్ ఉంచే పద్ధతిలో) పెట్టి లాగ్ బ్యాకప్ మరిచిపోయారేమో చూడాలి.

ఇప్పుడు ఒక పని చేయండి, మీ సొంత ల్యాప్‌టాప్‌లోనే. పీజీ_వాల్ తెరిస్తే 000000010000000000000001 లాంటి 24 అక్షరాల పేర్లుంటాయి. మొదటి 8 టైమ్‌లైన్ (సర్వర్ చరిత్రలో ఏ శాఖో చెప్పే నంబర్), మిగతావి వరుస సంఖ్య. మామూలుగా ఒక్కోటి 16 ఎంబీ. చిన్న టేబుల్ చేసి ఒక వరుస చేర్చి కమిట్ (ఖాయం) కొట్టండి, ఇంకోటి చేర్చి రోల్‌బ్యాక్ (రద్దు) చేయండి. తర్వాత ఆ ఫైల్‌ని పీజీ_వాల్‌డంప్ అనే టూల్‌తో చదవండి. రెండు ఇన్సర్ట్‌లూ కనిపిస్తాయి. ఒకదానికి కమిట్, రెండోదానికి అబార్ట్, పక్కన టైమ్‌తో సహా. రద్దయిన బేరం కూడా చిట్టాలో ఉందన్నమాట! టేబుల్ పేరు మాత్రం ఉండదు. 1663/16384/16390 లాంటి అంకెలుంటాయి: టేబుల్‌స్పేస్, డేటాబేస్, టేబుల్ ఫైల్ నంబర్. ఏ అంకె ఏ టేబులో పీజీ_రిలేషన్_ఫైల్‌పాత్ అనే ఫంక్షన్‌తో మీరే పట్టుకోండి. నా దృష్టిలో కోర్సులో నెల రోజుల క్లాసుల కంటే ఈ ఒక్క సాయంత్రం ఎక్కువ.

‘అంతా క్లౌడ్ అయిపోయింది, ఆ ఫైళ్లు మన చేతికే రావు’ అంటారు కొందరు. నిజమే, క్లౌడ్ కంపెనీయే నడిపే మేనేజ్డ్ సర్వీసుల్లో ఫోల్డర్ తెరవనివ్వరు. కానీ డెబీజియం లాంటి టూల్స్ మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్‌నీ (దాని మార్పుల లాగ్), పోస్ట్‌గ్రెస్ వాల్‌నీ చదివి, మార్పులను వేరే సిస్టమ్‌లకు పంపుతాయి. అది డేటా ఇంజినీరింగ్ పని. డీబీఏ ఉద్యోగాలతో పాటు వాటికీ అప్లై చేయండి. రెజ్యూమేలో కోర్సు పేరు కింద ఈ ప్రయోగం గురించి రెండు లైన్లు రాయండి, ఈసారి ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి.