లేని కాలు నొప్పి పెడుతోందంటున్నారు... ఎవరితోనూ మాట్లాడరు

ప్రశ్న: మా వారి వయసు 46. ఏడు నెలల క్రితం ప్రమాదంలో కుడి కాలు నుజ్జయితే మోకాలి కింది భాగం తొలగించారు. గాయం మానింది, కృత్రిమ కాలు అమర్చారు. దాన్ని తలుపు వెనక ఆనించి పెట్టి, రోజంతా మంచం మీదే ఉంటున్నారు. రాత్రిళ్లు లేని పాదం వేళ్లను ఎవరో మెలిపెడుతున్నట్టు ఉందంటారు. కాలు పోయిన మరొకరితో మాట్లాడించమని ఫిజియోథెరపిస్టు అన్నారు. ‘నా ఏడుపు చాలదా, ఇంకొకరిది కూడా వినాలా?’ అని కసురుకున్నారు. బలవంతం చేయవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: బలవంతం వద్దమ్మా. అయితే ఆ ప్రయత్నాన్ని వదలవద్దు.

ముందు రాత్రి నొప్పి సంగతి. అది భ్రమ కాదు, మతి చలించడం అంతకన్నా కాదు. కాలు పోయినా మెదడులో దాని చోటు దానికి ఉంటుంది. తెగిన నరాల నుంచి సంకేతాలూ వెళ్తుంటాయి. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులకు వైద్యం చేసిన సైలస్ వైర్ మిచెల్, 1871లోనే దీన్ని ‘ఫాంటమ్ లింబ్’ (లేకున్నా ఉన్నట్టే అనిపించే అవయవం) అన్నారు. అవయవం కోల్పోయిన చాలామందికి ఇది అనుభవమే. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు కొందరికి ఉపశమనం ఇస్తాయి, డాక్టరు చూసి రాయాలి. ఉన్న కాలిని అద్దంలో చూస్తూ కదిలించే మిర్రర్ థెరపీ గురించి కూడా అడగండి.

ఇక తలుపు వెనక ఉన్న కాలు. అందరూ దాన్ని నిరాశ ఖాతాలో వేస్తారు. నేను మాత్రం ముందు ‘పెట్టుకుంటే ఎక్కడ నొప్పి?’ అని అడుగుతాను. మొదటి నెలల్లో వాపు తగ్గి, తీసేయగా మిగిలిన కాలి భాగం సన్నబడుతుంది. అప్పుడు సాకెట్, అంటే కృత్రిమ కాలిలో ఆ భాగం దూర్చే గిన్నె లాంటి తొడుగు, వదులై, ఎముక ఉన్నచోట ఒరుసుకుంటుంది. దాని లోపల వేసుకునే మేజోళ్ల మందం మార్చడమో, సాకెట్ సరిచేయించడమో చేస్తే పోయే బాధ అది. నొప్పి పెట్టే కాలిని తొడుక్కోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

తోటి బాధితుడి మాట ఎందుకు పనిచేస్తుందో నేను కళ్లారా చూశాను. ఒక రోగి నా గదికి ఆరుసార్లు వచ్చినా అడగని ప్రశ్నను, అదే పరిస్థితి దాటివచ్చిన మనిషి కూర్చున్న పది నిమిషాలకే అడిగారు: ‘నిద్రమత్తులో కాలు లేదన్న సంగతి మరిచిపోయి లేస్తే?’ ఆయన నవ్వి, ‘రెండుసార్లు పడ్డాను. అప్పటినుంచి మంచానికి ఆనించి కుర్చీ వేసుకుంటాను. లేవబోతే చేయి దానికి తగిలి గుర్తొస్తుంది’ అన్నారు. ఇన్నేళ్ల వైద్యంలో నాకు తట్టని ఉపాయం! ఆ తర్వాత ప్యాంటు పైకి లాగి, కాలు విప్పి చూపించారు. ఆ రోగి తన కాలి చివరను సరిగా చూసుకున్నది అప్పుడేనేమో.

అందుకే మీ వారికి ‘కౌన్సెలింగ్’ అని చెప్పకండి. ‘సాకెట్ గురించి అనుభవం ఉన్నాయనను అడుగుదాం’ అనండి, నిజం కూడా అదే. దాదాపు ఇదే వయసులో, మోకాలి కిందే కాలు పోయి, కనీసం ఒకటి రెండేళ్లు గడిచిన వారైతే మేలు. శిక్షణ పొందిన పీర్ మెంటార్ (తన అనుభవంతో తోటి బాధితులకు దారి చూపే మనిషి) అయితే ఇంకా మంచిది. వినడం తెలిసినవారు కావాలి. ‘నేను పరుగెత్తుతున్నాను, నువ్వెందుకు లేవవు?’ అనే రకం వస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది. మొదటి పరిచయం ఫోనులో అయినా సరే. కుదరకపోతే మరొకరిని చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మెంటార్ మందుకు బదులు కాదు. రెండు వారాలకు పైగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం కనిపిస్తే మానసిక వైద్యుణ్ని కలవండి. మీ ఉత్తరం బట్టి చూస్తే ఆ సమయం వచ్చిందనే నాకనిపిస్తోంది. ‘నేనెందుకు బతకడం’ వంటి మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. ఆ మాట వచ్చిందా అని మీరే నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

ఉత్తరం మొత్తంలో మీ గురించి ఒక్క మాటా లేదు. మెంటార్‌ను కలిసినప్పుడు, వీలైతే వారి భార్యతో మీరూ విడిగా కాసేపు మాట్లాడండి.