మిన్నెసోటాలో పాటియో కవర్ బిగించే ముందు

డాలస్ నుంచి మినియాపొలిస్‌కు మారిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నయ్యా, అక్కడి పెరట్లో ఇంటికి ఆనించి వేసుకున్న పాటియో కవర్ (పందిరి) విప్పి తెచ్చుకున్నాను. ఇక్కడ బిగించుకోవచ్చా?"

వద్దు తమ్ముడూ. అది ఎండ తగలకుండా చేసిన పందిరి. ఇక్కడి మంచును మోయలేదు.

అమెరికాలో ఏ ప్రాంతంలో నేల మీద ఎంత మంచు బరువు చేరొచ్చో లెక్కగట్టి మ్యాపులు వేశారు. దాన్నే స్నో లోడ్ అంటారు. ఏ ఏడాదిలోనైనా దాటిపోయే అవకాశం నూటికి రెండు పాళ్లే ఉన్న బరువును పాత మ్యాపుల్లో చూపించేవారు. డాలస్ వైపు అది చదరపు అడుగుకు 5 పౌండ్లు. మిన్నెసోటా ఇళ్ల నిర్మాణ నిబంధనల కోడ్‌లో మినియాపొలిస్‌కు 50, డులూత్ ఉన్న ఉత్తరాది కౌంటీలకు 60. ఇంటి కప్పుకు అందులో 0.7 వంతు, అంటే మనకు 35. పది బై పన్నెండు పందిరికి మొత్తం 4,200 పౌండ్లు. 75 కిలోల ధాన్యం బస్తాలు పాతిక ఎక్కించినట్టు! ఇంటి పైకప్పు నుంచి జారే మంచూ దాని మీదే పడుతుంది.

నేనూ కొత్తలో షాపులో దొరికిన కిట్ కొని బిగించాను. మార్చిలో మంచు మీద వాన పడింది. మంచు ఆ నీళ్లన్నీ పీల్చుకుంది. ఎత్తు తగ్గింది కదా అని నిశ్చింతగా పడుకున్నాను. అంగుళం నీళ్లంటే చదరపు అడుగుకు 5 పౌండ్ల పైమాటే అని అప్పుడు తెలియదు. తెల్లారి చూస్తే అల్యూమినియం దూలం మధ్యలో బెత్తెడు కిందికి వంగిపోయి ఉంది. ముందురోజు సాయంత్రం మా పాప దాని కిందే ఆడుకుంది. ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

2010 డిసెంబర్ 12న ఇదే ఊళ్లో 17 అంగుళాల మంచుకు మెట్రోడోమ్ స్టేడియం గుడ్డ కప్పు చిరిగి కుంగిపోయింది.

కాబట్టి సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి మీ స్నో లోడ్ ఎంతో అడుగు. కాంట్రాక్టర్ చేత ఆ అంకె డ్రాయింగ్ మీద రాయించు, పర్మిట్ తీసుకో. కొలరాడో కొండల్లో ఇల్లు కొనేవాళ్లకు మ్యాపు ఒక్కటే చాలదు. లోయకూ కొండకూ బరువు బాగా మారుతుంది, అక్కడి ఇంజనీర్‌నే అడగాలి.

కప్పు మీది మంచు తీయాలంటే నేల మీద నిలబడి పొడవాటి కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో లాగు, పైకి ఎక్కకు. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకున్నా, సీలింగ్‌లో కొత్త పగులు కనిపించినా ముందు పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చెయ్యి. ఫోన్లు ఆ తర్వాత.