ఫోను మంచి రిమోటే, కానీ ఇంటికి అదొక్కటే రిమోట్ కాకూడదు

మీ ప్రశ్న ఇది: దేవరకొండలో అమ్మానాన్నల ఇంట్లో ఏసీ రిమోట్ పనిచేయడం లేదు, టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు వేరువేరు రిమోట్లు ఉన్నాయి, వీటన్నిటికీ కలిపి ఒక్క ఫోను సరిపోతుందా, అలాంటి ఫోను నాన్నకు కొనివ్వవచ్చా? నల్లగొండలో మా ఇంట్లో కొన్నేళ్లుగా ఫోనుతోనే టీవీ, ఏసీ నడుపుతున్నాం. హాయిగా నడుస్తాయి. అయినా మీ నాన్నగారి ఇంటికి ఫోను ఒక్కటే చాలని మాత్రం నేను చెప్పను. ఎందుకో కింద రాస్తాను.

ఫోను కొనేముందు పాత రిమోట్ నిజంగా పోయిందో లేదో చూడండి. రిమోట్ కొసన ఉండే చిన్న ఎల్ఈడీ పరారుణ కాంతిని వదులుతుంది. సాధారణంగా 940 నానోమీటర్ల దగ్గర ఉండే ఆ కాంతి మన కంటికి కనబడదు, కానీ ఫోను కెమెరాకు చాలాసార్లు చిక్కుతుంది. కెమెరా తెరిచి, రిమోట్‌ను దానివైపు పెట్టి బటన్ నొక్కితే తెరపై లేత ఊదా రంగు వెలుగు మిణుకుతుంది. వెనుక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. దానిలోనూ రాకపోతే సెల్స్ మార్చి, స్ప్రింగుల మీద పేరుకున్న చిలుము గీకి మళ్లీ నొక్కండి. పాడైపోయిందని పక్కన పడేసిన రిమోట్లు ఇంతమాత్రానికే లేచి కూర్చోవడం మా చుట్టాల ఇళ్లలో చూశాను.

ఇక ఫోను సంగతి. దానిలో ఐఆర్ బ్లాస్టర్, అంటే రిమోట్‌లాగే పరారుణ సంకేతాలు పంపే చిన్న భాగం, ఉండి తీరాలి. ఉంటే సాధారణంగా ఫోను పై అంచున చిన్న నల్ల చుక్కలా కనిపిస్తుంది. రెడ్‌మీ నోట్, పోకో ఫోన్లలో చాలావాటికి ఉంటుంది. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 నుంచి ఎస్6 దాకా ఇచ్చి, 2016లో వచ్చిన ఎస్7 నుంచి తీసేసింది. ఐఫోన్లలో ఎన్నడూ లేదు. ఈ భాగం లేని ఫోనులో ఎన్ని యాప్‌లు వేసినా మామూలు ఏసీ కదలదు. లేకపోయినా పనిచేస్తామని చెప్పుకునే యాప్‌లంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రకటనల మీద ప్రకటనలు చూపించి, అక్కర్లేని అనుమతులు అడుగుతాయి. పెద్దవాళ్లు నమ్మి అన్నిటికీ సరే అని నొక్కేస్తారు. నాన్నగారి ఫోనులో అలాంటివి ఉంటే ఈ రోజే తీసేయండి.

టీవీ, సెట్‌టాప్ బాక్సు తేలిక. యాప్‌లో కంపెనీ పేరు ఎంచుకుంటే అది ఒక్కొక్క కోడ్ పంపి చూడమంటుంది, స్పందించినదాన్ని దాచుకుంటే సరి. ఫైర్ టీవీ స్టిక్ లాంటివి బ్లూటూత్‌తో నడుస్తాయి కాబట్టి వాటికి ఐఆర్ పనికిరాదు.

అసలు చిక్కు ఏసీతోనే. టీవీ రిమోట్‌లో శబ్దం పెంచే బటన్ నొక్కితే "పెంచు" అన్న ఒక్క సంకేతమే వెళ్తుంది. ఏసీ రిమోట్ చాలావరకు అలా కాదు. ఏ బటన్ నొక్కినా ఉష్ణోగ్రత, కూల్ మోడ్, ఫ్యాన్ వేగం, స్వింగ్ అన్నీ కలిపి మొత్తం ఒకేసారి పంపుతుంది. ఏసీ నుంచి తిరిగి జవాబు రాదు. అందుకే పాత రిమోట్ బాగుపడి అమ్మ దానితో 27 పెట్టి పడుకున్నా, నాన్న ఫోనులో 22 అని ఉంటే, ఆయన ఫ్యాన్ వేగం ఒక్కటి మార్చగానే గది 22కు దిగిపోతుంది. ఏసీ చెడిపోయిందని మెకానిక్‌ను పిలిచే పరిస్థితి ఇదే. ఫోనులో ఏది నొక్కేముందైనా తెరపై ఉన్న డిగ్రీలు ఒకసారి చూసుకోమని చెప్పండి. అలాగే కోడ్ ఎంచుకునేటప్పుడు ఆన్ అయిందని ఆగిపోకండి. స్వింగ్, టైమర్, ఆఫ్ కూడా నొక్కి చూడండి, ఒకే కంపెనీలో మోడల్‌కొక తీరు ఉంటుంది.

రబ్బరు కవరు ఆ చుక్కను మూసేస్తే సంకేతం బయటికి రాదు. ఫోను పై అంచును ఏసీ వైపు తిప్పి, గదిలోనే ఉండి నొక్కాలి.

అన్నీ కుదిరాక కూడా ఒక సమస్య మిగులుతుంది. ఫోను మనిషితోపాటు వెళ్లిపోతుంది. నాన్న బ్యాంకుకో పొలానికో వెళ్తే, మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో అమ్మ చేతిలో ఏమీ ఉండదు. అందుకే కొత్త ఫోనుకు పెట్టే డబ్బులో కొన్ని వందలు పక్కనపెట్టి ముందు ఏసీకి సరిపోయే రిమోట్ కొనండి. నల్లగొండలో క్లాక్ టవర్ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్ దుకాణాల్లో అడగండి. పాత రిమోట్ పట్టుకెళ్లండి, ఏసీ పక్కన అతికించిన స్టిక్కర్ మీది మోడల్ నంబరు ఫోటో కూడా తీసుకెళ్లండి. ఈలోగా అమ్మకు ఇంకొకటి చూపించండి: చాలా స్ప్లిట్ ఏసీల్లో ముందు మూత ఎత్తితే రిమోట్ లేకుండానే ఆన్, ఆఫ్ చేసే చిన్న బటన్ ఉంటుంది.