మధ్యయుగ యూరప్ చరిత్ర: ముందు లాటిన్, తర్వాతే అప్లికేషన్

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఏ హిస్టరీ రెండో ఏడాది. మధ్యయుగ యూరప్ చరిత్రలో పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. నాది చిన్న ఎరువుల షాపు. అప్పు చేసైనా విదేశాలకు పంపించమంటారా? ఈ చదువుకు ఉద్యోగం ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: అప్పు మాత్రం చేయకండి. ఈ రంగంలో పీహెచ్‌డీ అయ్యాక కూడా పర్మినెంట్ ఉద్యోగానికి ఏళ్లు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు. ఇంటి మీద అప్పుంటే ఆ పిల్ల అన్నేళ్లు నిలబడలేదు. ఫీజు లేకుండా, నెలనెలా స్టయిపెండ్ ఇచ్చే సీటు వస్తేనే పంపండి. అమెరికా, కెనడాల్లోని పెద్ద యూనివర్సిటీలు పీహెచ్‌డీకి అలా ఇస్తాయి. బ్రిటన్‌కు కామన్వెల్త్, జర్మనీకి డాడ్ (డీఏఏడీ) స్కాలర్‌షిప్పులున్నాయి.

మన దేశంలో ఈ సబ్జెక్టు ఎంఏలో ఒకటి రెండు పేపర్లకే పరిమితం. కాలేజీల్లో పాఠం చెప్పడానికి అర్హత పరీక్ష అయిన నెట్ సిలబస్ చాలావరకు భారత చరిత్రే. కాబట్టి తిరిగొచ్చి ఇక్కడ పాఠం చెప్పాలనుకుంటే భారత చరిత్రను వదలకూడదు, నెట్ కూడా రాసి పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. మధ్యయుగ యూరప్ రాతలు ఎక్కువగా లాటిన్‌లోనే ఉన్నాయి. మార్కులు బాగున్నా చాలామంది ఆగిపోయేది ఆ భాష దగ్గరే. టొరంటో యూనివర్సిటీలోని మధ్యయుగ అధ్యయన కేంద్రంలో ఎంఏకు ఒక స్థాయి, పీహెచ్‌డీకి అంతకంటే కఠినమైన స్థాయి లాటిన్ పరీక్షలు పాసవ్వాలి. పైగా ఇతర పరిశోధకులు రాసింది చదవడానికి ఫ్రెంచి, జర్మన్ కావాలి. హైదరాబాద్‌లో విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ, ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి కాబట్టి వాటికి దారి సులువే. లాటిన్‌కే వెతుక్కోవాలి. ఆన్‌లైన్ క్లాసులున్నాయి. మీ దగ్గర్లోని ఆర్‌సీఎం చర్చిలో, సెమినరీలో లాటిన్ చదివిన ఫాదర్ ఎవరైనా ఉన్నారేమో కూడా అడిగి చూడండి.

భాష వచ్చినా ఆనాటి చేతిరాత చదవడం మళ్లీ వేరే విద్య. అప్పట్లో పుస్తకాలు తోలు మీద చేత్తో రాసేవారు. ఆ తోలు ఖరీదు, రాసేవాడి శ్రమ తగ్గించుకోవడానికి మాటల్ని కుదించేవారు. ‘పి’ అక్షరం తోకకు అడ్డగీత ఉంటే ‘పెర్’, తల మీద గీత ఉంటే ‘ప్రే’, తోక నుంచి ఎడమకు వంపు తిరిగితే ‘ప్రో’. డి, ఎన్, ఎస్ అని మూడక్షరాలు రాసి పైన గీత పెడితే ‘డొమినుస్’, అంటే ప్రభువు. ఒక్క గీత పొరపడితే అర్థం తారుమారు. పదాల మధ్య ఖాళీ వదలని మన తాటాకు ప్రతిని కూడబలుక్కుని చదివినవాళ్లకు ఆ ఓపిక ఎలాంటిదో తెలుసు. మీ అమ్మాయికి అది ఉందో లేదో ఇప్పుడే తేల్చుకోవచ్చు: స్విట్జర్లాండ్ లైబ్రరీల ప్రతులు ఈ-కోడిసెస్‌లో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానివి గల్లికాలో ఉచితంగా దొరుకుతాయి. ఈ నైపుణ్యం లైబ్రరీల రాతప్రతుల విభాగాల్లో, ఆర్కైవుల్లో, పాత చేతిరాతను కంప్యూటర్‌తో చదివించే ప్రాజెక్టుల్లో కూడా పనికొస్తుంది.

పరిశోధనాంశం మీద నాదొక మాట. ఇంగ్లండ్ రాజుల మీద అక్కడి పిల్లలతో పోటీ పడటం కంటే, తెలుగు వచ్చిన మనిషికి బలమున్న చోటు ఎంచుకుంటే మేలు. మీకు దూరం కాని మోటుపల్లి రేవు గురించి, దాన్నేలిన రాణి గురించి 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో చెప్పాడు. ఆ కథనం ఫ్రెంచి, ఇటాలియన్ కలగలిసిన భాషలో పుట్టింది. తర్వాత పిపినో అనే సన్యాసి దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. అదే మోటుపల్లిలో విదేశీ వర్తకులకు గణపతిదేవుడిచ్చిన అభయ శాసనం కూడా ఉంది. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన ఇటలీ వర్తకుడు నికోలో కోంటి చెప్పినదాన్ని పోజియో అనే ఇటలీ పండితుడు లాటిన్‌లోనే రాశాడు. ఆ లాటిన్‌నూ ఈ శాసనాలనూ పక్కపక్కన పెట్టుకుని మూలంలో చదవగలిగేవాళ్లు చాలా అరుదు.

కాబట్టి ఈ ఏడాది పాస్‌పోర్టు, కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. రోజుకో గంట లాటిన్ చదవనివ్వండి. వచ్చే వేసవికల్లా లాటిన్ బైబిల్ ఆదికాండం మొదటి అధ్యాయాన్ని నిఘంటువు సాయంతో తనంతట తాను చదవగలిగితే నాకు మళ్లీ రాయమనండి. ఎక్కడెక్కడ అప్లై చేయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.