డాట్‌ఫైల్స్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అన్నా?

గుంటూరు నుంచి రోజూ ట్రైన్‌లో విజయవాడ వెళ్లి చదువుకుంటున్న బీటెక్ మూడో సంవత్సరం కుర్రాడు అడిగాడు. లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ పోయిందట. కొత్తది వేయించి ఉబుంటు లైనక్స్ ఎక్కించుకున్నాడు గానీ టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో), ఎడిటర్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్) సెట్టింగులన్నీ మళ్లీ పెట్టుకునేసరికి మూడు రోజులు పోయాయి, అదీ మిడ్ ఎగ్జామ్స్ ముందు. సీనియర్ ఒకతను "ఇలాంటి సెట్టింగుల ఫైళ్లను దాచిపెట్టి కొత్త మెషీన్‌లో మళ్లీ అమర్చే డాట్‌ఫైల్ మేనేజర్ నేర్చుకుని రెజ్యూమెలో రాసుకో" అన్నాడు. నాన్నగారేమో "అవన్నీ తర్వాత, ముందు జావా చూసుకోరా" అంటున్నారు. ఎవరి మాట వినాలి అని ప్రశ్న.

తమ్ముడూ, ఉద్యోగం వరకైతే నాన్నగారి మాటే రైట్. డాట్‌ఫైల్ మేనేజర్ వచ్చని ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. కానీ ఇది ఒక ఆదివారం పని, నెల రోజుల కోర్సు కాదు, జావాకి అడ్డమేమీ రాదు. ఈ వంకతో గిట్, షెల్ (టెర్మినల్‌లో మన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) రెండూ చేతికి అలవాటవుతాయి. మన కాలేజీల్లో గిట్ అంటే చాలామందికి ప్రాజెక్టు చివరి రోజు జిప్ ఫైల్ ఎక్కించే చోటు, అంతే.

డాట్‌ఫైల్స్ అంటే నీ హోమ్ ఫోల్డర్‌లో పేరు ముందు చుక్కతో దాక్కుని ఉండే సెట్టింగుల ఫైళ్లు: బ్యాష్‌ఆర్‌సీ (షెల్‌ది), గిట్‌కాన్ఫిగ్ (గిట్‌ది), విమ్‌ఆర్‌సీ (విమ్ ఎడిటర్‌ది) లాంటివి. చుక్క ఉంటే ఎందుకు కనపడవో తెలుసా? లైనక్స్‌కి ముందు వచ్చిన పాత యూనిక్స్ సిస్టమ్‌లో, ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్ ఒక చుక్క (ఈ ఫోల్డర్), రెండు చుక్కలు (పై ఫోల్డర్) అనే రెండు ఎంట్రీలను చూపించకూడదని, పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని షార్ట్‌కట్‌గా రాసేశారు, దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ మాయమైంది అని యూనిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ చెప్పారు. అంటే ఇదంతా ప్లాన్ చేసి పెట్టింది కాదు, పొరపాటున అలా కుదిరిపోయింది.

ఇక టూల్. గ్నూ స్టౌ అనేది తేలిక, నీ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంచి, హోమ్‌లో వాటికి సిమ్‌లింకులు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే షార్ట్‌కట్లు) వేస్తుంది. ఒక్క లాప్‌టాపే ఉంటే అది చాలు. కానీ నీకు ఇంట్లో ఒక మెషీన్, రేపు ఇంటర్న్‌షిప్‌లో ఇంకోటి, రెండు చోట్లా గిట్ మెయిల్ ఐడీ వేరు వేరు. అలాంటప్పుడు షేమ్వా అనే ఇంకో టూల్ నయం. ఫ్రెంచ్‌లో 'మా ఇంట్లో' అని అర్థం, వెతికేటప్పుడు మాత్రం సి, హెచ్, ఇ, జెడ్, ఎమ్, ఓ, ఐ అని కొట్టాలి, పలికినట్టు కొడితే దొరకదు. ఇది మామూలుగా లింకులు వెయ్యదు, అసలు ప్రతిని తన ఫోల్డర్‌లో ఉంచుకుని హోమ్‌లోకి ఫైలు రాస్తుంది. టెంప్లేట్లు (మెషీన్‌ని బట్టి మారే ఖాళీలున్న ఫైళ్లు) ఉన్నాయి కాబట్టి ఈ మెషీన్ అయితే ఈ మెయిల్, ఆ మెషీన్ అయితే ఆ మెయిల్ అని ఒకే ఫైల్‌లో రాసుకోవచ్చు. కొత్తవాళ్లందరూ దొరికిపోయేది ఒకే చోట: హోమ్‌లో ఉన్న బ్యాష్‌ఆర్‌సీని నేరుగా మార్చేస్తారు, ఆ మార్పు షేమ్వా దగ్గరున్న ప్రతికి చేరదు, తర్వాత అప్లై (షేమ్వా ప్రతిని హోమ్‌లోకి రాసే కమాండ్) కొట్టినప్పుడు ఫైలు మారింది, ఏం చెయ్యమంటావ్ అని అడిగితే చూడకుండా ఓవర్‌రైట్ నొక్కి రాసుకున్నదంతా పోగొట్టుకుంటారు. అప్లై ముందు డిఫ్, అంటే రెండు ప్రతుల మధ్య తేడా, చూసే అలవాటు చేసుకో.

అన్నిటికన్నా ముఖ్యం, రహస్యాలు. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు సర్వర్లు చూసుకునే పని చేశాను. ఓసారి నా సెట్టింగులన్నీ గర్వంగా పబ్లిక్ రిపోజిటరీలో (గిట్‌లో ఫైళ్లు దాచే చోటు, పబ్లిక్ అంటే ఎవరైనా చూడొచ్చు) పెట్టేసి, అందులో పాస్‌వర్డ్ లాంటి ఆఫీస్ టోకెన్ ఒకటి ఉందని రాత్రి పదకొండింటికి గుర్తొచ్చి, గబగబా ఆ లైన్ తీసేసి ఇంకో కమిట్ చేసి (మార్పును గిట్‌లో నమోదు చేసి) హాయిగా పడుకున్నాను. పొద్దున్న టీమ్ లీడ్ పాత కమిట్ తెరిచి ఆ టోకెన్ నాకే చదివి వినిపించాడు. గిట్ పాత కమిట్లను వదలదు. ఒకసారి పబ్లిక్‌గా బయటపడ్డ కీని చెరపడం కాదు, రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ, గిట్ క్రెడెన్షియల్స్ ఫైలు, బ్యాష్ హిస్టరీ, ఎన్వ్ ఫైళ్లు (ప్రాజెక్టుల పాస్‌వర్డ్లు, కీలు ఉండేవి), వీటిని యాడ్ చెయ్యకు. హోమ్ ఫోల్డర్ మొత్తం ఎత్తి పడెయ్యకుండా మూడు ఫైళ్లతో మొదలుపెట్టు, రిపోజిటరీని మొదట ప్రైవేట్‌గానే ఉంచు.

రెజ్యూమెలో 'డాట్‌ఫైల్ మేనేజ్‌మెంట్' అని స్కిల్‌గా రాయకు, నవ్వుతారు. అంతా సరిచూసుకుని పబ్లిక్ చేశాక గిట్‌హబ్ లింక్ ఇవ్వు, చాలు. తెరిచి చూసేవాడు చూస్తాడు, చూసినవాడు ఏదో ఒక లైన్ మీద వేలు పెట్టి ఇది ఎందుకు పెట్టావ్ అంటాడు. ఇంటర్నెట్‌లో ఎవరిదో వందల లైన్ల కాన్ఫిగ్ దించుకున్నవాడు అక్కడే నీళ్లు నములుతాడు. నీది ఇరవై లైన్లే అయినా ప్రతి లైనూ నీకు తెలిసి ఉండాలి. పైన చెప్పిన చుక్క కథ కూడా అప్పుడు పనికొస్తుంది.

ఇంకో మాట, దీన్ని బ్యాకప్ అనుకోకు. నీ మినీ ప్రాజెక్టు కోడ్‌కి వేరే రిపోజిటరీ, అమ్మ ఫోటోలకి వేరే హార్డ్‌డిస్క్. సాఫ్ట్‌వేర్ కూడా దానంతట అది ఇన్‌స్టాల్ అయిపోదు. షేమ్వాలో ఒక్కసారే నడిచే స్క్రిప్టులు రాసుకునే వీలుంది, అవి రెండో ఆదివారం చూసుకో.

అయిపోయాక లాప్‌టాప్‌లో ఇంకో యూజర్ అకౌంట్ తెరిచి, అందులో నీ రిపోజిటరీ దించి అప్లై కొట్టి, ఫోన్‌లో టైమర్ పెట్టు. మొన్న మూడు రోజులు పట్టిన పని ఎన్ని నిమిషాల్లో అయిందో నాకు రాయి.