నెలకు 26 వేలు వచ్చే ఇంట్లో కంప్యూటర్ కొనాలంటే

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇద్దరివీ కలిపి నెలకు 26 వేలు. అద్దె, సరుకులు, బాబు ఖర్చులు, 2,000 చిట్టీ అన్నీ పోను 3 వేలు మిగులుతాయి. బాబు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా రెండో ఏడు. ఇంట్లో సిస్టమ్ లేక రోజూ ఫ్రెండ్ ఇంటికి వెళ్లి ప్రాక్టీస్ చేస్తున్నాడు. షాపులో కొత్త డెస్క్‌టాప్ 54 వేలు చెప్పారు, వడ్డీ లేకుండా 12 నెలలు 4,500 చొప్పున కట్టుకోవచ్చట. క్యాష్ ఇస్తే 50,500కి ఇస్తామన్నారు. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. 50 వేల చిట్టీ 25 నెలలది, 9 నెలలు కట్టాం, అది పాడి తీసుకోమని మా అక్క అంటోంది. ఇంకో భయం, మాకు కరెంటు జీరో బిల్లు వస్తోంది, కంప్యూటర్ పెడితే అది పోతుందా? టీవీ, ఫ్రిజ్ ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ఈఎంఐ కాగితాల మీద సంతకం పెట్టకండి. మీకు నెలకు మిగిలేది 3 వేలు, కిస్తీ 4,500. అంటే మొదటి నెల నుంచే 1,500 తక్కువ. ఆ తక్కువ ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాంకులో ఉన్న 40 వేల నుంచే కదా. ఈ మధ్యలో ఒక్క నెల మిషన్ పని తగ్గినా, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా ఖాతాలో డబ్బు లేక కిస్తీ బౌన్స్ అవుతుంది, బ్యాంకు ఒక ఫైను, అప్పిచ్చినవాళ్లు ఒక ఫైను వేస్తారు, అప్పులు సరిగా కడుతున్నారో లేదో చెప్పే సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. రేపు బాబు ఇంజనీరింగ్‌కి వెళ్తే లోన్ అడిగేది మీరే, ఆ స్కోరు చూసేది బ్యాంకువాళ్లే.

వడ్డీ లేదన్న మాట కూడా నమ్మకండి, మీ ఉత్తరంలోనే దానికి సాక్ష్యం ఉంది. క్యాష్ అయితే 50,500, కిస్తీల్లో అయితే 54,000. మధ్యలో ఉన్న 3,500 వడ్డీ కాక మరేమిటి? అది చిన్నగా కనిపిస్తుంది కానీ అసలు నెలనెలా తగ్గుతూ ఉంటుంది కాబట్టి లెక్క వేస్తే ఏడాదికి సుమారు 12.6 శాతం పడుతోంది. దీనికి ఫైల్ ఛార్జీ అని ఒక 999, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 1,179 ముందే తీసుకున్నారనుకోండి, అదే అప్పు 17 శాతానికి చేరుతుంది. సున్నా వడ్డీ అనేది అసలు లేనేలేదని, ఆ వడ్డీని వేరే చోట దాచి వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. కాబట్టి ఏ షాపులో అయినా సరే ముందు "క్యాష్ ఇస్తే ఎంతకిస్తారు" అని అడగండి, తర్వాతే కిస్తీల సంగతి.

చిట్టీ జోలికి కూడా వెళ్లొద్దు. మీ అక్క మంచికే చెప్పి ఉంటుంది, కానీ ఇప్పుడే పాడితే పోటీలో 10, 12 వేలు వదులుకోవాల్సి రావచ్చు, చేతికి వచ్చేది 38 వేలో 40 వేలో, ఆ తర్వాత ఇంకా 16 నెలలు కడుతూనే ఉండాలి. అదే చివరి నెలల దాకా ఆగితే దాదాపు మొత్తం డబ్బు వస్తుంది, ఈలోపు పాడినవాళ్లు వదులుకున్న డబ్బులో కమీషన్ పోను వచ్చే మీ వాటా, అదే డివిడెండ్, అదీ మీదే. ఆ డబ్బు బాబు డిప్లొమా అయిపోయే సమయానికి చేతికొస్తుంది, అప్పుడు దాని అవసరం చాలా ఉంటుంది.

మరి 40 వేలు? మీ ఇంటి నెల ఖర్చు చిట్టీతో కలిపి 23 వేలు. కనీసం ఒక నెల ఖర్చయినా బ్యాంకులో ఉండాలి, నిజానికి మూడు నెలలది ఉండాలంటాను, అది మెల్లగా చేద్దాం. 40 లోంచి 23 తీస్తే 17 వేలు. మీ కంప్యూటర్ బడ్జెట్ ఇంతే. 17 వేలకి కంప్యూటర్ వస్తుందా అని మీరు నిట్టూర్చే ముందు ఇంకో విషయం చూద్దాం, అసలు బాబు దాని మీద ఏం చేయాలి?

డిప్లొమా రెండో ఏడంటే సి, పైథాన్, జావా, డేటాబేస్, వెబ్ పేజీలు, ఒక ప్రాజెక్టు రిపోర్టు. వీటికి 54 వేల మిషన్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ), 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్క్) ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్ హాయిగా సరిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వాడాల్సి వస్తే మాత్రం 8 జీబీ ఈడ్చుకుంటూ నడుస్తుంది, 16 ఉంటే బాగుంటుంది, అందుకే ర్యామ్ స్లాట్ ఒకటి ఖాళీగా ఉన్న మిషన్ చూసుకోండి. గేములకి గ్రాఫిక్స్ కార్డు కావాలని బాబు అడిగితే, అది వాడి సంపాదనతో కొనుక్కునేది అని ప్రేమగానే చెప్పండి.

పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడిన డెస్క్‌టాప్‌లను ఒకేసారి వందల కొద్దీ తీసేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్, ఇవన్నీ ఆఫీసుల్లో రోజంతా నడవడానికి చేసినవి. వాటిని శుభ్రం చేసి, ఎస్‌ఎస్‌డీ వేసి, కొన్ని నెలల వారంటీతో రీఫర్బిష్డ్ అని అమ్ముతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, ఈ వ్యాపారం ఏళ్లుగా నడుస్తోంది. కానీ నన్నడిగితే ముందు హనుమకొండ, వరంగల్ షాపుల్లోనే అడగండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఫర్వాలేదు, పాడైతే సీపీయూని సంచిలో పెట్టుకుని రైలెక్కే పని ఉండదు.

ఇక అసలు జాగ్రత్త ఇక్కడ. "ఐ5 అండీ, ఐ5" అంటారు. ఐ5 అనేది కంప్యూటర్‌కి మెదడు లాంటి ఇంటెల్ ప్రాసెసర్ పేరు. ఉత్త ఐ5 అంటే సరిపోదు, ఆ తర్వాత ఉన్న నంబరు కావాలి. ఐ5-3470 అని ఉంటే అది మూడో తరం, 2012 నాటిది. ఐ5-6500 అంటే ఆరో తరం. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, 2018ది. మీరు ఎనిమిదో తరానికి తగ్గొద్దు. ఎందుకంటే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది, విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి ఉండాలి. మా తమ్ముడి కూతురికి ఇలాగే ఒక షాపులో ఐ5 అని 14 వేలకి ఇచ్చారు, మూత మీద కొత్త స్టిక్కర్ మెరిసిపోతోంది, ఇంటికొచ్చి ఆన్ చేసి చూస్తే లోపల 3470. పాప ముఖం చూసి నాకు చాలా బాధేసింది. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు, ఎందుకంటే బిల్లు మీద ఉత్త "ఐ5 సిస్టమ్" అని మాత్రమే రాసి ఉంది.

అందుకే షాపుకి బాబుని తీసుకెళ్లండి. డబ్బులిచ్చే ముందే ఆన్ చేయించి, వాడి చేతే టాస్క్ మేనేజర్ తెరిపించండి, అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడారు, అన్నీ కనిపిస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే ఎస్‌ఎస్‌డీ ఎంత ఆరోగ్యంగా ఉందో, ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. డెల్ మిషన్ అయితే డబ్బా మీద సర్వీస్ ట్యాగ్ అని ఏడు అక్షరాల కోడ్ ఉంటుంది, దాన్ని ఫోన్‌లో డెల్ సైట్‌లో కొడితే అసలు వారంటీ ఎప్పుడు అయిపోయిందో వస్తుంది, దాన్ని బట్టి మిషన్ వయసు తెలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర విండోస్ అసలుదా కాదా చూడండి. క్రాక్ చేసిన విండోస్ ఉన్న మిషన్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొద్దు. లైసెన్స్ లేకపోతే విండోస్ బదులు లినక్స్ మింట్ ఉచితంగా వేసుకోవచ్చు, కంప్యూటర్ చదివే పిల్లాడికి అది నేర్చుకోవడమూ మంచిదే. వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కోసం కూడా డబ్బు పెట్టక్కర్లేదు, లిబ్రేఆఫీస్ ఉచితం.

రేటు సంగతి. సీపీయూకి 15 వేలు దాటొద్దు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లకు చిప్‌లు ఎక్కువగా వెళ్తుండటమే కారణం, కాబట్టి "4 జీబీదే తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు" అంటే ఒప్పుకోవద్దు, 8 జీబీ మిషన్‌లోనే ఉండాలి. కీబోర్డు, మౌస్ 700లో వస్తాయి. చాలా ఆఫీసు మిషన్లలో వైఫై ఉండదు, ఒక చిన్న వైఫై డాంగిల్ 400, 500 పెట్టి కొనండి, లేదా బాబు ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి నెట్ వాడుకోవచ్చు.

మానిటర్ ఇప్పుడు కొనకండి. మీ ఇంట్లో టీవీ ఉంది కదా, వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే అదే మానిటర్. కాకపోతే ఈ ఆఫీసు సీపీయూలకి వెనక హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ అని ఒక మూల నరికినట్టుండే పోర్టు ఉండొచ్చు, అప్పుడు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కావాలి, 300, 400లో దొరుకుతుంది, షాపులోనే అడిగి తీసుకోండి. టీవీకి దగ్గరగా కూర్చుంటే కళ్లు లాగుతాయి, సాయంత్రం సీరియల్ టైమ్‌కి గొడవ కూడా అవుతుంది, నాకు తెలుసు. అది మూడు నాలుగు నెలల ఇబ్బందే. నెలనెలా మిగిలే 3 వేలలో 2,500 పక్కన పెడితే మూడో నెలకి 7,500, దాంతో 22 ఇంచుల కొత్త మానిటర్ వస్తుంది. ఆ తర్వాతి రెండు నెలల డబ్బుతో యూపీఎస్. కరెంటు పోతే డెస్క్‌టాప్ ఠక్కున ఆగిపోతుంది కాబట్టి యూపీఎస్ వచ్చేదాకా ప్రతి పది నిమిషాలకీ సేవ్ చేసుకోమని బాబుకి చెప్పండి. ల్యాప్‌టాప్ అయితే ఈ బాధ లేదనుకుంటారేమో, ఈ డబ్బుకి వచ్చే పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకోలేం, పాడైతే బాగుచేయించే ఖర్చూ ఎక్కువ.

జీరో బిల్లు భయం గురించి. ఇలాంటి చిన్న సైజు డెస్క్‌టాప్, మానిటర్ కలిపి మామూలు పనికి 60 నుంచి 70 వాట్లు తీసుకుంటాయి. రోజుకు 6 గంటలు వాడితే నెలకు 11 నుంచి 13 యూనిట్లు. టీవీని మానిటర్‌గా వాడినన్నాళ్లు ఇంకో రెండు మూడు ఎక్కువ. ఈ జీరో బిల్లు ఇచ్చే తెలంగాణ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి, అది వెయ్యి పైనే అవుతుంది. పోయిన ఏప్రిల్, మే బిల్లులు తీసి చూడండి. 170, 175 లోపు ఉంటే ఏ టెన్షన్ లేదు. 190 దగ్గర ఉంటే ఆ రెండు నెలలు ఇస్త్రీ పెట్టె, కూలర్ వాడకం చూసుకోవాలి, మీటర్ రీడింగ్ నెల మధ్యలో ఒకసారి మీరే రాసుకుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది.

ఇక బిల్లు. జీఎస్‌టీ బిల్లే అడగండి, దాని మీద ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మిషన్ సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలు, ఇవన్నీ రాయించండి. రాయమంటే నసిగే షాపు నుంచి లేచి వచ్చేయండి. కొన్న వారం రోజులూ బాబుని గంటల తరబడి వాడమనండి, వేడెక్కి ఆగిపోవడం లాంటివి ఏమున్నా ఆ వారంలోనే బయటపడతాయి. ఆ ఏప్రిల్, మే యూనిట్లు ఎన్నో, సీపీయూ ఎంతకి వచ్చిందో రాసి పంపండి, మానిటర్ కొనే ముందు అప్పటి రేట్లతో మళ్లీ లెక్క వేద్దాం.