పదో తరగతి అమ్మాయి ‘థర్టీన్ రీజన్స్ వై’ చదవవచ్చా?

పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి స్నేహితురాలి దగ్గర ‘థర్టీన్ రీజన్స్ వై’ నవల తెచ్చుకుందనీ, అది ఒక విద్యార్థిని ఆత్మహత్య చుట్టూ తిరిగే కథ అని తెలిశాక చదవనివ్వాలో దాచేయాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశారు. దాచవద్దని నా అభిప్రాయం, కానీ ఆమెతోపాటు మీరూ చదవండి. ఇంటర్ రెండో సంవత్సరంలో, హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకునే అమ్మాయిని మేము ఇలాగే పోగొట్టుకున్నాం కనుక, ఈ పుస్తకాన్ని నేను కేవలం కథగా చదవలేకపోయాను.

జే ఆషర్ రాసిన ఈ నవల 2007లో అమెరికాలో వెలువడింది. హన్నా బేకర్ అనే అమ్మాయి చనిపోయే ముందు, తన నిర్ణయానికి కారణమని తాను భావించిన వారి గురించి 7 క్యాసెట్లలో, 13 వైపుల నిండా చెప్పి, అవి ఒకరి తరువాత ఒకరికి అందేలా ఏర్పాటు చేస్తుంది. వాటిని అందుకున్న క్లే జెన్సన్ అనే సహవిద్యార్థి రాత్రంతా ఊళ్లో తిరుగుతూ వింటాడు.

చనిపోయినవారి తోటి పిల్లల మనసు ఎలా ఉంటుందో ఆషర్‌కు బాగా తెలుసు. మా హాస్టల్ అమ్మాయి చనిపోయిన మరునాడే మా కాలేజీలో స్టడీ అవర్స్ మొదలయ్యాయి. ఆ విషయం ఎవరూ మాట్లాడకూడదని వార్డెన్ చెప్పి వెళ్లారు. ఆ వారం పరీక్ష ర్యాంకుల జాబితా గోడకు అంటించినప్పుడు, ఆమె పేరు లేకపోవడం వల్ల ఆమె కింద ఉండే మేమందరం ఒక్కో స్థానం పైకి వచ్చాం. రోజూ తోసుకుంటూ చూసే ఆ జాబితా దగ్గర ఆ రోజు ఎవ్వరూ నిలబడలేదు. చనిపోవడానికి నాలుగు రోజుల ముందు ఆమె ఫిజిక్స్ రికార్డు అడిగితే, నాది ఇంకా పూర్తికాలేదని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధమే ఆమెను చంపిందని చాలా ఏళ్లు లోలోపల నమ్మాను. చాలాకాలానికి కలిసిన మరో సహాధ్యాయిని, ఆ చివరి ఆదివారం ఔటింగ్‌కు ఆమెను పిలవకుండా వెళ్లినందుకు తానే కారణమని అనుకుంటూ బతికానని చెప్పింది. ఇద్దరం ఒకే గదిలో ఉండి కూడా ఒకరి లెక్క ఒకరికి చెప్పుకోలేదు.

నవలతో నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. రాత్రిళ్లు మేము రహస్యంగా వేసుకున్న ఆ తప్పుడు లెక్కను, ఈ కథ చనిపోయిన అమ్మాయి గొంతుతోనే సరైనదని చెప్పిస్తుంది. తన చావుకు కారకుల జాబితాలో నీ పేరు ఉండవలసింది కాదని హన్నా క్లేతో టేపులోనే అంటుంది. మాకు ఆ మాట చెప్పేవారు ఎవరూ లేకపోయారు; నిజజీవితంలో క్యాసెట్లు రావు. పైగా చనిపోయాక కూడా తన మాట అందరిచేతా వినిపించుకోవచ్చనే ఊహ, ఎవరూ తన గోడు వినడం లేదని కుమిలే పిల్లకు ఆకర్షణీయంగా తోచే ప్రమాదం ఉంది. పుస్తకంలో సంఘటనలు వరుసగా ఉన్నాయి గానీ, ఆత్మహత్యల వెనుక తరచుగా ఉండే కుంగుబాటు అనే జబ్బు గురించీ, దానికి చికిత్స ఉందన్న సంగతి గురించీ చెప్పింది చాలా తక్కువ. హన్నా చివరిగా సాయం కోరి వెళ్లిన స్కూల్ కౌన్సిలర్ ఆమెను ఆదుకోలేకపోతాడు. పెద్దలకు చెప్పినా లాభం లేదని పిల్లలు అర్థం చేసుకోగల ఘట్టం అది. అక్కడ తప్పకుండా ఆగి మాట్లాడండి.

ఈ నవల ఆధారంగా తీసిన సీరీస్ విషయంలో మాత్రం నేను ఇంత ఉదారంగా ఉండను. 2017 మార్చి 31న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మొదటి సీజన్‌లో మరణాన్ని కళ్లకు కట్టినట్టు చూపిన దృశ్యాన్ని, తీవ్ర విమర్శల తరువాత 2019 జులైలో తొలగించారు. విడుదలైన మరుసటి నెలలో అమెరికాలో 10 నుంచి 17 ఏళ్లవారి ఆత్మహత్యల రేటు 28.9 శాతం పెరిగినట్టు 2019లో ఒక అధ్యయనం చూపింది. దానికి సీరీసే కారణమని తేల్చలేమని ఆ పరిశోధకులే అన్నా, తల్లిగా నాకు ఆ అంకె చాలు.

చదవడం పూర్తయ్యాక మీ అమ్మాయిని సూటిగానే అడగండి: నీకెప్పుడైనా చనిపోవాలని అనిపించిందా, నీ స్నేహితుల్లో ఎవరైనా అలా మాట్లాడుతున్నారా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం వద్దు. అడగడం వల్ల దాచుకున్న పిల్లలకు ఊరట కలుగుతుందని మానసిక వైద్యులు చెబుతారు. అవునంటే కోప్పడకుండా, వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. స్నేహితురాలు చెప్పిన రహస్యాన్ని పెద్దలకు చేరవేయడం ద్రోహం కాదని కూడా ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే నవల చివర క్లే, అందరికీ దూరంగా మసలే స్కై అనే అమ్మాయి వెనుకే వెళ్లి ఆమెను పేరు పెట్టి పిలవడంతోనే కథ ఆగిపోతుంది. పిలిచాక ఏం మాట్లాడాలో, ఎవరి దగ్గరకు తీసుకువెళ్లాలో పుస్తకం చెప్పదు.